ఇంట్లో కనిపించింది ఏ పాము?

రాత్రి పదకొండు దాటింది. స్నానాల గదిలో లైటు వేసేసరికి తలుపు చట్రం పక్కన, గోడ మీద నడుమెత్తున, ఒక పాము అతుక్కుని ఉంది. మహా అయితే జానెడున్నర పొడవు. ముదురు గోధుమ రంగు ఒళ్లు, అడ్డంగా తెల్లటి పట్టీలు. వెనకాలే వచ్చిన తమ్ముడు గడప అవతలి నుంచే తేల్చేశాడు: “కట్లపాము అన్నయ్యా, కదలకు!” ఆ మాట అంటూనే చీపురు కోసం పరుగెత్తాడు. నన్ను కదలవద్దని చెప్పి తాను పరుగెత్తడాన్ని తలచుకుని ఇప్పుడు నవ్వుకుంటాం గానీ, ఆ నిమిషంలో ఇద్దరికీ నవ్వు రాలేదు.

నాకు తెలిసినంతలో అది కట్లపాము కాదు. ఇంగ్లీషులో వుల్ఫ్ స్నేక్ అనే చిన్న పాము. ముందు పళ్లు తోడేలు కోరల్లా పెద్దవిగా ఉంటాయని ఆ పేరు వచ్చింది. దానికి విషం లేదు. గోడల మీద బల్లుల కోసం తిరుగుతుంది కాబట్టి ఇళ్లలో తరచూ కనిపిస్తుంది. కట్లపామని పొరబడి చంపేది ఎక్కువగా దీన్నే.

రెంటినీ విడదీయాలంటే పట్టీలు ఎక్కడ మొదలయ్యాయో, ఎటు పోతూ మసకబారాయో చూడాలి. వుల్ఫ్ స్నేక్‌కు పట్టీలు మెడ దగ్గరే మొదలై, ముందు భాగంలో వెడల్పుగా, స్పష్టంగా ఉండి, తోక వైపు వెళ్లేకొద్దీ చెరిగిపోతాయి. దక్షిణాసియాలోని మామూలు కట్లపాముకు ఇది తలకిందులు. తల తర్వాత కొంత దూరం పట్టీలు ఉండవు, లేదా చుక్కల్లా ఉంటాయి. తోక వైపు వెళ్లేకొద్దీ తేటపడతాయి. అవి సన్నగా, చాలాసార్లు జంటలు జంటలుగా ఉంటాయి. ఒంటి రంగు గోధుమ కాదు, నూనె రాసినట్టు మెరిసే నీలి నలుపు. వెన్ను మీద నట్టనడుమ ఒక వరుస పొలుసులు మిగతావాటికంటే పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటాయి. ఇది చాలా నమ్మదగిన గుర్తు. చిక్కల్లా, ఆ పొలుసులు కనిపించేంత దగ్గరికి వెళ్లినవాడు అప్పటికే వెళ్లకూడనంత దగ్గరికి వెళ్లాడన్నమాట.

గోడ ఎక్కి ఉండటం కూడా ఒక ఆధారమే. వుల్ఫ్ స్నేక్ నిలువు గోడలను సునాయాసంగా ఎక్కుతుంది. కట్లపాము మామూలుగా నేల మీద తిరిగే పాము. అయితే ఇది అంచనా మాత్రమే, రుజువు కాదు. కట్లపాము మంచం మీదికి చేరిన సందర్భాలూ ఉన్నాయి. ఆగ్నేయాసియాకు వెళ్తే పని ఇంకా కష్టం. అక్కడి మలయా కట్లపాముకు నలుపు తెలుపు పట్టీలు వెడల్పుగా ఉంటాయి, అచ్చం అలాంటి పట్టీలతోనే విషంలేని పాములూ తిరుగుతుంటాయి. విషమున్న పామును చూసి పక్షులూ జంతువులూ జంకుతాయి కాబట్టి, దాని వేషం వేసుకున్న పాముకు బతుకు తేలిక. మనల్ని మోసగించడం ఆ వేషం ఉద్దేశం కాదు, కానీ మోసపోయేది మనమే.

ఈ మోసం ఎంతవరకు వెళ్తుందో చెప్పడానికి జోసెఫ్ స్లోవిన్‌స్కీ కథ చాలు. ఆయన కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో సర్పశాస్త్రవేత్త. నాగుపాములు, కట్లపాముల కుటుంబం మీదే ఆయన పరిశోధన. మయన్మార్‌లో విషం చిమ్మే ఒక నాగుపామును 2000లో కొత్త జాతిగా వర్ణించిన ఇద్దరిలో ఒకరు. 2001 సెప్టెంబరు 11న ఉత్తర మయన్మార్ కొండల్లో, తోటివారు పట్టి తెచ్చిన చిన్న పామున్న సంచిలో ఆయన చెయ్యి పెట్టారు. కట్లపామును పోలిన విషంలేని జాతి అని అంతకుముందు అనుకున్నారు. అది కట్లపాము పిల్లే. శ్వాస ఆగిపోయాక సహచరులు వంతులవారీగా గంటల తరబడి నోటితో ఊపిరి అందించారు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ చేరలేకపోయింది. మర్నాడు ఆయన చనిపోయారు. వయసు 38.

జీవితమంతా పాములతో గడిపినవారే పొరబడితే, రాత్రిపూట చెప్పులు లేకుండా నిలబడ్డ మనం పొరబడమా? పాముల గురించి తెలుసుకోవడం దండగ అని నేననడం లేదు. పాముకు పేరు పెట్టడం ఒక పని, పాము ఎదురైనప్పుడు ఎలా నడుచుకోవాలో తేల్చుకోవడం వేరే పని. మొదటిది తీరికగా, ఫొటో చూస్తూ, తెలిసినవారిని అడుగుతూ చేసేది. రెండోదానికి పేరు అక్కర్లేదు. ఈ రెంటినీ కలగలిపి “విషం లేనిదే, చేత్తో తీసేద్దాం” అన్న నిర్ణయానికి రావడం దగ్గరే ప్రమాదం మొదలవుతుంది.

ప్రపంచంలో సుమారు 4,000 జాతుల పాములున్నాయి. వాటిలో విషమున్నవి దాదాపు 600, మనిషిని చంపగలవి, తీవ్రంగా గాయపరచగలవి 200 వరకు. అంటే ఎదురైన పాము ప్రమాదకరం కాకపోయే అవకాశమే ఎక్కువ. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 54 లక్షల మంది పాముకాటుకు గురవుతున్నారు, 81,000 నుంచి 1,38,000 మంది వరకు చనిపోతున్నారు. అంతకు మూడింతల మంది కాలో చెయ్యో పోగొట్టుకుంటున్నారు, లేదా శాశ్వత వైకల్యంతో మిగిలిపోతున్నారు. ఇందులో అత్యధిక భాగం ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోని ఉష్ణమండల ప్రాంతాలదే. ఆ సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

తల, కంటిపాప, రంగు: ఎక్కడా పూర్తిగా పనిచేయని సూత్రాలు

“తల త్రికోణంగా ఉంటే విషపాము, గుండ్రంగా ఉంటే మంచి పాము.” ఈ మాట అందరూ వినే ఉంటారు. ఇది పింజరి కుటుంబానికి కొంతవరకు వర్తిస్తుంది. వాటి విషగ్రంథులు దవడల వెనక ఉబ్బెత్తుగా ఉండటం వల్ల తల బాణపు ములికిలా కనిపిస్తుంది. నాగుపాము, కట్లపాము, ఆఫ్రికా మాంబాలు, అమెరికా పగడపు పాములు మాత్రం ఈ సూత్రానికి అందవు. వీటి తలలు కోలగా, మెడలో కలిసిపోయినట్టు, చూడటానికి సాధువుగా ఉంటాయి. పైగా విషంలేని పాములు అనేకం బెదిరినప్పుడు దవడలు పక్కలకు చాపి తలను త్రికోణం చేసుకుంటాయి. అంటే ఈ సూత్రాన్ని నమ్ముకున్నవాడు మెత్తని తల ఉన్న కట్లపామును వదిలి, భయపడి తల చదును చేసుకున్న అమాయకపు పామును చంపుతాడు.

కంటిపాప సూత్రమూ అంతే. పిల్లి కంటిలా నిలువుగా ఉంటే విషమున్నట్టు అంటారు. కొండచిలువ కంటిపాప నిలువుగానే ఉంటుంది, విషం లేదు. నాగుపాముది గుండ్రంగా ఉంటుంది. కట్లపాము కన్ను నల్లపూసలా ఉండి అందులో పాప ఎక్కడుందో తెలియదు. పగడపు పాము మీద ఎరుపు పక్కన పసుపు వస్తే విషం, నలుపు వస్తే కాదు అనే పద్యం ఒకటి చలామణిలో ఉంది. అది ఉత్తర అమెరికా కోసం కట్టిన పద్యం. మధ్య అమెరికా, దక్షిణ అమెరికాల్లో దాన్ని నమ్ముకుంటే ప్రాణాలకే చేటు. అక్కడ పట్టీల వరుస జాతిజాతికీ మారిపోతుంది.

కాటు గుర్తులను బట్టి చెప్పడం మరీ అపాయకరం. రెండు చుక్కలుంటే విషపాము, చిన్న చిన్న గాట్ల వరుసలుంటే కాదు అంటారు. కట్లపాము కాటు చాలాసార్లు అసలు కనిపించదు. నొప్పి, వాపు కూడా పెద్దగా ఉండవు. నిద్రలో కాటు తిన్నవారు తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతుంటే అప్పుడు అనుమానపడతారు.

సూత్రాలు నిపుణుడినే ఎలా బోల్తా కొట్టించాయో 1957లో షికాగోలో జరిగింది చెబుతుంది. ఫీల్డ్ మ్యూజియంలో పనిచేసిన కార్ల్ ప్యాటర్సన్ ష్మిట్ తన కాలంలో పేరున్న సర్పశాస్త్రవేత్త. లింకన్ పార్క్ జంతుప్రదర్శనశాల ఒక పాము పిల్లను ఏ జాతిదో చెప్పమని పంపింది. ఆఫ్రికా చెట్లపాము బూమ్‌స్లాంగ్ కావచ్చని అనుమానం ఉన్నా, తోక మొదట్లో ఉండాల్సిన చీలిన పొలుసు దీనికి చీలి లేకపోవడంతో తటపటాయించారు. పరీక్షిస్తుండగా అది బొటనవేలి మీద కరిచింది. పాము చిన్నది, కోర ఒక్కటే దిగింది, ప్రమాదం ఉండదనుకున్నారు. తన లక్షణాలను కాగితం మీద ఒక్కొక్కటే రాసుకుంటూ గడిపి, మర్నాడు మధ్యాహ్నం రక్తస్రావంతో చనిపోయారు. పాము పేరు తేల్చడానికి ఆయన నమ్ముకున్న గుర్తు సరైనదే. ఆ ఒక్క పాముకే అది తప్పింది.

దూరం నుంచి ఏం చూడవచ్చు

ముందు దూరం సంగతి. పాము సాధారణంగా తన పొడవులో సగానికి మించి ముందుకు దూసి కాటు వేయలేదు. ఆఫ్రికాలోనూ ఆగ్నేయాసియాలోనూ విషం చిమ్మే నాగుపాములున్నాయి, వాటి చిమ్ము రెండు మూడు మీటర్ల దాకా వస్తుంది. కాబట్టి పది పన్నెండు అడుగులు వెనక్కి జరిగితే, అక్కడి నుంచి ఏ పామునైనా నింపాదిగా చూడవచ్చు. అంత దూరం నుంచి పొలుసులు కనిపించవు. చూడాల్సినవి వేరే ఉన్నాయి: చోటు, సమయం, కదలిక, ఒంటి తీరు.

అన్నిటికంటే ముందు, మీరుండే ప్రాంతంలో ఏ పాములున్నాయో తెలిసి ఉండాలి. ప్రపంచంలోని నాలుగు వేల పాములతో మనకు పని లేదు. ఒక ఊళ్లో ఇళ్ల చుట్టూ తిరిగే ప్రమాదకరమైన పాములు సాధారణంగా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. వాటిని, వాటిలా కనిపించే మంచి పాములను జతలుగా నేర్చుకుంటే చాలు. దక్షిణాసియాలో ఎక్కువ మరణాలకు కారణమయ్యేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. మధ్య అమెరికాలో ముందుగా తెలుసుకోవాల్సింది టెర్సియోపెలో అనే పిట్ వైపర్, అంటే పింజరి కుటుంబపు విషపాము. పశ్చిమ ఆఫ్రికాలో చిన్నపింజరి బంధువులు. బ్యాంకాక్ లాంటి మహానగరంలో కూడా తోటల్లోని ఆకుపచ్చ పిట్ వైపర్ల కాట్లు మామూలే. వేరే దేశపు పటం చూసి నేర్చుకున్న జ్ఞానం ఇక్కడ అక్కరకు రాదు.

నాగుపామును పడగ చూసి గుర్తుపడతామనుకుంటాం. అది పడగ విప్పేది బెదిరినప్పుడే. తన దారిన తాను పోతున్న నాగుపాము మామూలు గోధుమ రంగు పాము, అంతే. పడగ వెనక కళ్లజోడు గుర్తు కొన్నిటికి ఉండదు. దక్షిణాసియా తూర్పు ప్రాంతాల నుంచి ఆగ్నేయాసియా దాకా ఉండే నాగుపాము జాతికి ఒకే వలయం ఉంటుంది. నాగుపామని ఎక్కువగా పొరబడేది జెర్రిపోతును. జెర్రిపోతు పగటి పాము, ఏడెనిమిది అడుగుల దాకా పెరుగుతుంది, కన్ను పెద్దది, పెదవుల మీద నిలువుగా నల్లని గీతలుంటాయి. మనిషిని చూడగానే పరుగందుకోవడం దాని పద్ధతి. దారి లేకపోతే గొంతు ఉబ్బించి గుర్రుమంటుంది. నీరుకట్టు పాము సంగతి ఇంకా తమాషా. నిలబడి, మెడ చదును చేసి, చిన్న పడగలాంటిది కట్టి మరీ భయపెడుతుంది. దానికి విషం లేదు, కోపం మాత్రం బోలెడు.

పింజరుల దగ్గర చెవి కూడా పనికొస్తుంది. రక్తపింజరి లావుపాటి, బద్ధకపు పాము. వెన్ను పొడవునా మూడు వరుసల్లో, నల్లని అంచున్న గోధుమ రంగు కోడిగుడ్డు మచ్చలు గొలుసులా ఉంటాయి. దగ్గరికి వెళ్తే కుక్కర్ ఆవిరి వదిలినట్టు పెద్దగా బుసకొడుతుంది. కొండచిలువ పిల్ల, ఇసుకలో ఉండే పొట్టి బోవా దీనితో తరచూ కలగలిసిపోతాయి. మచ్చలు గొలుసులా క్రమంగా కాకుండా, అతుకులు వేసినట్టు గజిబిజిగా ఉంటే ఆ రెంటిలో ఒకటి కావచ్చు. బోవా తోక మొద్దుబారినట్టు పొట్టిగా ఉంటుంది. రక్తపింజరిని కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో ఎత్తుకోవడం మాత్రం అతి ఖరీదైన పొరపాటు. చిన్నపింజరి అడుగు, అడుగున్నర ఉంటుంది. ఒంటిని మడతలుగా చుట్టుకుని పక్క పొలుసులను ఒకదానితో ఒకటి రాపాడిస్తుంది. కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుయ్యిమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినిపిస్తే పామును వెతకవద్దు, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లాలి.

ఆకుపచ్చ పాములది ఒంటి తీరే చెబుతుంది. పసిరిక పాము తాడులా సన్నగా, మూతి పెన్సిల్ మొనలా ఉంటుంది. కంటిపాప అడ్డంగా ఉంటుంది, ఇది పాముల్లో అరుదు. ఆకుపచ్చ పిట్ వైపర్ కురచగా, బలిసి, తల మెడ నుంచి స్పష్టంగా విడివడి ఉంటుంది.

సమయం కూడా లెక్కలోకి వస్తుంది. కట్లపాము రాత్రి తిరుగుతుంది. పగలు దొరికితే చుట్టచుట్టుకుని, తలను మడతల కింద దాచుకుని, కర్రతో కదిపినా కదలనంత మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనం చూసి “పాపం, ఏమీ అనదు” అని చేతిలోకి తీసుకున్నవారున్నారు. చీకటి పడితే అదే పాము వేరే పాము.

ఇక అసలు పామే కానివి. మన భాషే వానపామును, నలికండ్ల పామును పాముల్లో కలిపేసింది. కాళ్లు లేని బల్లులూ ఉన్నాయి. కళ్లు మూసి తెరిస్తే అది పాము కాదు, పాముకు కనురెప్పలు ఉండవు. గుడ్డిపాము కథ దీనికి తిరగేసి ఉంటుంది. వానపాము అని అందరూ తీసిపారేసే ఆ నల్లని దారం నిజంగా పామే. జానెడు కూడా ఉండదు. వానపాముకు ఒళ్లంతా వలయాలు, జిగట ఉంటాయి. గుడ్డిపాము పొడిగా, నున్నగా మెరుస్తుంది, గమనిస్తే బుల్లి నాలుక బయటికి పెడుతుంది. ఈ జాతిలో మగవి లేనే లేవు. ఆడవే తమంతట తాము గుడ్లు పెట్టి సంతానాన్ని కంటాయి. అందుకే ఒక్కటి పూలకుండీ మట్టిలో ప్రయాణించినా కొత్త దేశంలో కాపురం పెట్టగలదు. అలాగే ప్రపంచమంతా పాకింది.

పాము పిల్లలు కనిపిస్తే కంగారు ఎక్కువవుతుంది. రక్తపింజరి గుడ్లు పెట్టదు, ఒకే ఈతలో ఇరవై నలభై పిల్లలను కంటుంది. విషపాము పిల్లకు పుట్టిననాడే విషం ఉంటుంది. పిల్ల తన విషాన్ని అదుపు చేసుకోలేదు కాబట్టి తల్లికంటే ప్రమాదమన్న మాటకు మాత్రం ఆధారం లేదు. పెద్ద పాములో విషం ఎక్కువ, లెక్క అంతే.

కుబుసం దొరికితే దాన్ని పారేయకుండా ఫొటో తీసి ఉంచడం మంచిది. తీరిగ్గా గుర్తుపట్టడానికి అంతకంటే సురక్షితమైనది లేదు. పొలుసుల ఆకారం, కళ్ల మీది గాజు రేకులు కూడా అందులో ఉంటాయి. కట్లపాముదైతే వెన్ను మీది ఆరు పలకల పొలుసులు కనిపిస్తాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: ఊడేటప్పుడు సాగుతుంది కాబట్టి కుబుసం పాముకంటే పొడవు. ఆరడుగుల కుబుసం చూసి ఆరడుగుల పామును ఊహించుకుని నిద్ర మానుకోనక్కర్లేదు.

ఫోను ఉంటే దూరం నుంచే జూమ్ చేసి ఫొటో తీయండి. పక్క నుంచి తల, ఒంటి మధ్యభాగం, తోక వస్తే తెలిసినవారు చెప్పగలుగుతారు. ఫొటో చూసి పేరు చెప్పే యాప్‌లను నేనూ వాడతాను, సరదాకి. విషం లేదని యాప్ చెప్పింది కాబట్టి చెయ్యి వేస్తానంటే మాత్రం, స్లోవిన్‌స్కీ చేతిలోని సంచి గుర్తుకు రావాలి.

పాము లోపలే ఉంటే

పాము గదిలో ఉందనుకుందాం. అన్నిటికంటే భయపెట్టేది కనిపించే పాము కాదు, ఇందాక కనిపించి ఇప్పుడు కనిపించని పాము. అందుకే పిల్లలను, పెంపుడు జంతువులను బయటికి పంపి, ఒకరు దూరంగా నిలబడి దాని మీద నుంచి చూపు తిప్పకుండా ఉండాలి. ఇంట్లోకి వెళ్లే తలుపులు మూసి, కింద సందులో తువాలు కుక్కాలి. బయటికి వెళ్లే తలుపు ఉంటే తెరిచి ఉంచాలి. పాములను పట్టడంలో శిక్షణ ఉన్నవారికి ఫోను చేయాలి. వాళ్లు వచ్చేదాకా చేయాల్సింది ఏమీ చేయకపోవడమే, అది ఎంత కష్టమో నాకు తెలుసు. కర్ర పట్టుకుని దగ్గరికి వెళ్లడమంటే పాము కాటుకు అందేంత దూరంలోకి మనమే నడిచి వెళ్లడం. చచ్చిందనుకున్న పామునూ ముట్టుకోకూడదు. తెగిపడిన తల కూడా కొంతసేపటిదాకా కరవగలదు.

ఫినాయిలు, గంధకం, నాఫ్తలీన్ ఉండలు, వెల్లుల్లి రసం వంటివి చల్లితే పాములు రావన్న నమ్మకం చాలా చోట్ల ఉంది. వీటిని నమ్ముకోవడానికి సరైన ఆధారం లేదు. ఉండలు పసిపిల్లల నోట్లో పడే ప్రమాదం మాత్రం నిజం. పాము మన కోసం రాదు. ఎలుక కోసం, కప్ప కోసం, బల్లి కోసం, చల్లదనం కోసం, వానకు కన్నం మునిగి పొడి చోటు కోసం వస్తుంది. కట్లపామైతే ఇతర పాముల కోసం కూడా వస్తుంది. ఇంటి గోడకు ఆనించి ఇటుకలు, కట్టెలు పేర్చడం, గింజలు చిందరవందరగా వదిలేయడం, మురుగు గొట్టాలకు జాలీ లేకపోవడం ఆహ్వానపత్రికతో సమానం. రాత్రి నడిచేటప్పుడు టార్చిలైటు, నేల మీద పడుకునేవారికి పరుపు కిందికి అంచులు దోపిన దోమతెర తప్పనిసరి. ఆగ్నేయ నేపాల్‌లో జరిగిన ఒక అధ్యయనంలో దోమతెర కింద పడుకోవడం పాముకాటు నుంచి కాపాడుతున్నట్టు తేలింది. దోమల కోసం కట్టిన తెర కట్లపామునూ ఆపుతుంది.

కాటు పడితే పామును వెతుకుతూ ఒక్క నిమిషం కూడా పోగొట్టకూడదు. పామును పట్టుకెళ్లి డాక్టరుకు చూపించాలన్న పాత అలవాటు రెండో మనిషికీ కాటు తెచ్చిపెడుతుంది. దక్షిణాసియాలో వాడే విరుగుడు మందు నాలుగు ప్రధాన పాములకూ కలిపి తయారైనదే, పేరు తెలియకపోయినా ఇస్తారు. డాక్టరు పామును చూడకుండానే కుటుంబాన్ని పోల్చగలరు. కొద్దిగా రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే అది పింజరి కుటుంబపు విషమని దాదాపు తేలినట్టే. కనురెప్పలు వాలిపోతూ, మాట ముద్దగా వస్తుంటే నాగుపామో కట్లపామో అని అనుమానిస్తారు. థాయ్‌లాండ్, బ్రెజిల్ లాంటి చోట్ల ఒక్కో జాతికో, దగ్గరి జాతుల గుంపుకో వేరే విరుగుడు ఉంటుంది. అక్కడ ముందే తీసిన ఫొటో ఉంటే మేలు, లేకపోతే దాని కోసం ఆగకూడదు. ఒక పాము విరుగుడు వేరే పాముకు పనిచేయదని గట్టిగా చూపించినవారిలో ఒకరు బ్రెజిల్ వైద్యుడు విటాల్ బ్రజీల్. సావోపౌలోలోని బుటాంటాన్ సంస్థ 1901లో ఆయన సారథ్యంలోనే మొదలైంది.

కాటు వేసిన చోట కోయడం, నోటితో పీల్చడం, మంచు పెట్టడం, తాడుతో బిగించి కట్టడం ఏవీ వద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ వెంటనే తీసేయాలి, వాపు వస్తే అవే నరకం చూపిస్తాయి. కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. విషం చిమ్మే నాగుపాము కంట్లో కొడితే నీళ్లతో ఆపకుండా కడుగుతూ ఉండాలి. ఏ లక్షణాలూ లేవని ఇంటికి వచ్చేయడం తగదు. ఒక రోజు ఆసుపత్రిలో కనిపెట్టి ఉండాలి. కట్లపాము విషం నరాల చివరలను దెబ్బతీశాక విరుగుడు వాటిని వెంటనే బాగుచేయలేదు. అప్పుడు రోగిని బతికించేది వెంటిలేటరు. అందుకే సమయానికి చేరడం పాము పేరుకంటే విలువైనది.

ఆ రాత్రి తమ్ముడు చీపురుతో తిరిగొచ్చాక చేసింది ఇంతే: స్నానాల గది తలుపు దగ్గరికి లాగి, కింద పాత దుప్పటి కుక్కాం. అది వుల్ఫ్ స్నేకేనని నాకు తొంభై పాళ్లు నమ్మకం ఉంది. మిగిలిన పది పాళ్ల కోసం దుప్పటి. తెల్లవారాక గడప దగ్గర నిలబడి టార్చి వేసి చూస్తే గోడ మీద ఏమీ లేదు. చట్రానికీ గోడకూ మధ్య చూపుడు వేలు పట్టేంత సందు కనిపించింది. పక్కనే బల్లి రెట్టలు. మధ్యాహ్నానికి ఆ సందును సిమెంటుతో పూడ్చాం.